లోగావినా వీధి మ్యూజియానికి 100కి 88

ఈ సమీక్ష రాయమని పురమాయించింది మా కోడలు. "హోటళ్లకు నక్షత్రాలు ఇస్తారు కదా అత్తయ్యా, అలా మీరూ ఇచ్చి నాలుగు మాటలు రాయండి. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది" అంది. నక్షత్రాల లెక్క నాకు తెలియదు. భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లలో 31 ఏళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసినవి మార్కులు, వాటి పక్కన ఎర్ర సిరాతో రాసే రెండు ముక్కలు. అందుకని మార్కులే వేశాను. అవి ఎలా వేశానో చెప్పడానికి మాత్రం నాలుగు మాటలు చాలలేదు.

నేను చూసింది బోస్నియా రాజధాని సారయేవోలోని వార్ చైల్డ్‌హుడ్ మ్యూజియం. యుద్ధకాలంలో పిల్లలుగా ఉన్నవాళ్లు దాచుకున్న వస్తువులు అక్కడ పెట్టారు. మా అబ్బాయి ఉద్యోగం వియన్నాలో. మొన్న మే నెలలో నేను అక్కడుండగా నాలుగు రోజుల సెలవులు కలిసొచ్చాయి. ఇంట్లో అందరూ సముద్రం అన్నారు. నేను సారయేవో అన్నాను. 1992లో బోస్నియా సెర్బు బలగాలు ఆ ఊరిని ముట్టడించినప్పుడు మా అబ్బాయికి ఏడేళ్లు. రాత్రి అన్నాలు తినే వేళకు రేడియో వార్తల్లో ఆ పేరు వినిపించేది. నీళ్ల కోసం వరసలో నిలబడ్డవాళ్ల మీద గుండ్లు పడ్డాయని ఒకరోజు విని, మా ఆయన రేడియో కట్టేశారు. ఆ ఏడేళ్ల వయసు పిల్లలు అక్కడ ఏమయ్యారో అన్న ఆలోచన నా బుర్రలో అప్పటి నుంచీ ఒక మూల ఉండిపోయింది.

వియన్నా నుంచి రాత్రి బస్సులో వెళ్లాం. ఆ బస్సు ఎవరిదో చెప్పను గానీ, రాత్రంతా చలిగాలి నేరుగా నా మోకాళ్ల మీదకే కొట్టింది. సరిహద్దు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు. నా పాస్‌పోర్టు ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్లి చాలాసేపటికి తెచ్చిచ్చారు. మీరు వెళ్లేటట్టయితే వీసా నియమాలు ముందుగా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బోస్నియా ఐరోపా సమాఖ్యలో లేదు. డబ్బు కూడా వేరు, కన్వర్టిబుల్ మార్క్ అంటారు. యూరోకు 1.95583 మార్కులని కట్టేశారు, కాబట్టి దాదాపు రెండుతో భాగిస్తే సరిపోతుంది.

పాత బజారు బాష్‌చార్షియాలో రాగి పనివాళ్ల సుత్తి చప్పుళ్లు, పావురాలు. అక్కడి నుంచి మ్యూజియానికి నడిచే వెళ్లవచ్చు, కాకపోతే ఎక్కాలి. లోగావినా వీధి కొండ మీదకు పోతుంది. 32వ నంబరు ఇల్లు వచ్చేలోపు నేను మూడుసార్లు ఆగాను. మూడోసారి ఆగినప్పుడు తట్టింది, ముట్టడి రోజుల్లో ఈ ఎత్తునే పిల్లలు నీళ్ల డబ్బాలు మోసుకుంటూ ఎక్కి ఉంటారని. ఆ ముట్టడి 1992 ఏప్రిల్ 5న మొదలై 1996 ఫిబ్రవరి 29న ముగిసింది. 1,425 రోజులు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల నాలుగో తరగతి పూర్తిచేసేంత కాలం. బళ్లు నేలమాళిగల్లో నడిచాయి, మెట్ల కింద నడిచాయి. చుట్టూ కొండల మీద నుంచి తుపాకులు గురిపెట్టి ఉంటే పిల్లలను వీధి దాటించడమే గండం. అందుకని ఏ పేటకు ఆ పేట, ఏ మెట్లకు ఆ మెట్లు బడి అయ్యాయి. టీచరుగా ఆ మెట్ల బడి గురించి నాకు వంద ప్రశ్నలున్నాయి. హాజరుపట్టీ ఎవరు రాసేవారు? రాని పిల్లల పేరు పక్కన ఏం రాసేవారు?

పెద్ద భవనాన్ని ఊహించుకుని వెళ్లకండి. తీరిగ్గా చూసినా గంటన్నర పడుతుంది. మాకు రెండున్నర గంటలు పట్టింది, అది నా వల్లే. అన్నీ చదువుతాను, అర్థం కానిచోట మనవణ్ణి అడుగుతాను.

లోపల అద్దాల వెనక వస్తువులు. డైరీలు, ఉత్తరాలు, బొమ్మలు, బట్టలు. ఒక జత బాలే నృత్యం బూట్లు. సహాయంగా వచ్చిన ఆహార పొట్లాల రేపర్లు, మన పిల్లలు స్టాంపులు, అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసినట్టు పోగుచేసినవి. వస్తువు పక్కన దాని యజమాని మాటల్లోనే రాసిన చిన్న కథ. పరిశోధకుడి వివరణ కాదు, సంతాపం కాదు. "ఇది నాది, ఇది ఇలా నా దగ్గరకొచ్చింది, దీనితో ఇలా ఆడుకున్నాను", అంతే. చెప్పేవాళ్లు ఏ మతమో, ఏ జాతో నాకు ఎక్కడా కనబడలేదు. జాతి పేరు మీదే సాగిన యుద్ధం గురించి చెప్పేచోట ఇది చిన్న విషయం కాదు. నేను చూసిన గదుల్లో శవాల ఫొటోలు లేవు, రక్తం లేదు. సేకరణలో వేల వస్తువులున్నాయట, ఒకసారికి కొన్నే బయట పెడతారు. మీరు వెళ్లేసరికి వేరేవి ఉండవచ్చు, కాబట్టి నేను చెప్పినవాటి కోసం వెతక్కండి.

ఆ బాలే బూట్ల దగ్గర నేను చాలాసేపు ఆగాను. బాంబులు పడుతున్న ఊళ్లో ఒక ఆడపిల్ల బాలే నేర్చుకుంటుంది, ఎవరో ఒకరు నేర్పుతారు. మనకు ఇలాంటివి విన్నప్పుడు "అయ్యో, ఆ సమయంలో డ్యాన్సా?" అనిపిస్తుంది. ఆ సమయంలో కాబట్టే డ్యాన్సు అని నాకు అక్కడ అర్థమైంది. రేపు సాయంత్రం అయిదింటికి నాట్యం క్లాసు ఉందంటే రేపు అనేది ఒకటి ఉన్నట్టు.

ఈ మ్యూజియం పుట్టిన తీరు నాకు వస్తువులకన్నా నచ్చింది. దీన్ని మొదలుపెట్టిన యాస్మింకో హలీలొవిచ్ 1988లో పుట్టాడు, ముట్టడి మొదలయ్యేనాటికి నాలుగేళ్లవాడు. 2010లో ఇంటర్నెట్‌లో ఒకే ఒక ప్రశ్న అడిగాడు: యుద్ధంలో బాల్యమంటే మీకు ఏమిటి? జవాబు 160 అక్షరాల్లో చెప్పాలి, అంటే ఫోనులో పంపే ఒక మెసేజంత. వెయ్యికి పైగా జవాబులొచ్చాయి. అవి పుస్తకమయ్యాయి. రాసినవాళ్లను కలుస్తుంటే, తమ దగ్గర ఇంకా దాచుకున్న వస్తువులున్నాయని వాళ్లే చెప్పసాగారు. అలా 2017 జనవరిలో ఈ మ్యూజియం తెరుచుకుంది. 2018కి యూరప్ కౌన్సిల్ ఇచ్చే మ్యూజియం బహుమతి దీనికే వచ్చింది. ఆ బహుమతిగా స్పెయిన్ కళాకారుడు జువాన్ మీరో చేసిన చిన్న శిల్పాన్ని ఒక ఏడాది ఉంచుకోనిస్తారు, తర్వాత తిరిగి ఇచ్చేయాలి. మా మండలంలో ఆటల పోటీల షీల్డు కూడా ఇంతే, ఏడాది తిరిగేసరికి తీసుకెళ్లిపోయేవారు. తర్వాత వీళ్లు లెబనాన్‌లో తలదాచుకున్న సిరియా పిల్లల దగ్గరా, యుక్రెయిన్ పిల్లల దగ్గరా వస్తువులు, కథలు సేకరించారు.

160 అక్షరాలు అన్న నియమం చూడండి. పది వాక్యాల్లో వ్యాసం రాయమని పిల్లలను పీడించిన దాన్ని నేను. పది వాక్యాలంటే పిల్లవాడు మనకు నచ్చేది రాస్తాడు. ఒక్క వాక్యం అంటే తనకు గుర్తున్నదే రాస్తాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే మార్కుల లెక్క మీకు అర్థం కాదు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది, మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో నడిచిన దళాలు అవి. అటు మావోయిస్టులు, ఇటు జుడుం, బలగాలు, మధ్యలో ఊళ్లు. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. కొందరు రాత్రికి రాత్రి అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లా వైపు వచ్చేశారు. మా వైపు వాళ్లను గుత్తికోయలు అంటారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి తుపాకులు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది గానీ, అప్పటికి ఆ పిల్లలు మా దగ్గరకొచ్చి ఐదారేళ్లు దాటింది. అక్కడ జరిగినదాన్ని యుద్ధమని మాకొచ్చిన ఏ కాగితంలోనూ రాయలేదు. "బడి బయటి పిల్లలు" అని రాశారు. నన్ను వాళ్ల బ్రిడ్జి కోర్సుకు, అంటే మామూలు బళ్లో చేరేందుకు సిద్ధంచేసే తరగతికి, వేశారు. నాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు తెలుగు రాదు. మా ఊరి కోయపిల్ల, ఐదో తరగతి చదివేది, మా మధ్య దుబాసీ. వాళ్ల మాట, ఈ పిల్ల మాట పూర్తిగా ఒకటి కాదు, అయినా దగ్గర. ఆ పిల్ల లేకపోతే నా ఉద్యోగం లేదు.

వాళ్లలో తొమ్మిదేళ్లవాడు ఒకడు. పేరు రాయను, ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. ఒకరోజు పట్నం నుంచి అతిథులు కెమెరాతో వచ్చారు. చలాకీగా ఉంటాడని వాణ్ణే నిలబెట్టి, మీ ఊళ్లో ఏం జరిగిందో చెప్పమన్నాను. వాడు మూడు వాక్యాలు చెప్పాడు. ఇల్లు కాలిందని చెప్పాడు, పందులు కూడా కాలాయని చెప్పాడు. మూడో వాక్యాన్ని దుబాసీ పిల్ల తెలుగులో చెప్పలేదు. అడిగితే తల దించుకుంది. చూస్తే వాడు నిలబడ్డచోటే లాగు తడుపుకున్నాడు. అతిథులు కళ్లు తుడుచుకున్నారు, బిస్కెట్లు పంచారు, ఫొటో తీసుకున్నారు. ఆ సాయంత్రం నేను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, గర్వపడ్డాను. మా బడి పేరు పైకి వెళ్తుందనుకున్నాను. వాడు ఆ తర్వాత చాలా వారాలు తరగతిలో నోరు తెరవలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక శిక్షణలో కూర్చున్నప్పుడు తెలిసింది, నేను చేసినది చేయకూడని పనుల్లో మొదటిదని. దెబ్బతిన్న మనిషిని, అందులోనూ పిల్లవాణ్ణి, జరిగినదంతా కక్కించేస్తే మనసు తేలికవుతుందని ఒకప్పుడు నిపుణులు కూడా నమ్మేవారట. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దంటుంది. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో ఒక పిరమిడ్ బొమ్మ ఉంది. అడుగున తిండి, భద్రత, నీడ. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు, బడి, ఆట. ఆపైన కొద్దిమందికి శిక్షణ పొందినవాళ్ల ఆసరా. కొసన, అతి కొద్దిమందికి, మానసిక వైద్యుడు. మేము ఏం చేశామంటే అడుగు వదిలేసి, కొసకు కూడా పోకుండా, మధ్యలో కెమెరా పెట్టాం.

ఇప్పుడు ఆ అద్దాల పెట్టెలు చూడండి. యుద్ధం మొదలై 18 ఏళ్లు గడిచాక అడిగారు. పెద్దవాళ్లయ్యాక అడిగారు. ఏ వస్తువు ఇవ్వాలో, ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో వాళ్లకే వదిలేశారు. ఆహార పొట్లం రేపరు ఇచ్చినవాళ్లు చూసిన చావుల గురించి చెప్పనక్కర్లేదు. ఆ మ్యూజియంలో నాకు నచ్చినది ఇదే, 88లో సగానికి పైగా దీనికే.

మరి తక్కిన 12 ఎందుకు కోశారని మా కోడలు నిలదీసింది. అది మ్యూజియం తప్పుకు కాదు. నా ప్రశ్న సిలబస్‌లో లేదు. బొమ్మ పట్టుకున్న పిల్లకూ, ఆ బొమ్మను మ్యూజియానికి ఇచ్చిన నడివయసు మనిషికీ మధ్య ఏం జరిగింది? పీడకలలు వచ్చే పిల్లను రాత్రి ఎవరు పట్టుకుని కూర్చున్నారు? వస్తువు ఆ సంగతి చెప్పదు. అందుకని ఇంటికొచ్చాక మా అబ్బాయిని సతాయించి కాగితాలు ముద్రించుకుని చదివాను. ఆసక్తి లేనివాళ్లు ఈ రెండు పేరాలు దాటేయవచ్చు.

సారయేవోకు దక్షిణాన మోస్తార్ అనే ఊరుంది, పాత వంతెనకు ప్రసిద్ధి. యుద్ధం తర్వాత అక్కడ 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 2,976 మందిని ప్రశ్నపత్రాలతో పరిశీలించారు. లండన్‌కు చెందిన పాట్రిక్ స్మిత్, విలియం యూల్ వంటి మనస్తత్వవేత్తలు చేసిన పని అది. ఉలికిపాటు, వద్దన్నా తిరిగొచ్చే జ్ఞాపకాలు చాలామంది పిల్లల్లో కనబడ్డాయి. అంతమందికి డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు? ఇలాంటి అనుభవాలతో వాళ్లూ, నార్వేలోని బెర్గెన్‌కు చెందిన అట్లే డిరెగ్రోవ్ కలిసి ఒక పాఠప్రణాళిక లాంటిది తయారుచేశారు. పిల్లలకు ఐదు తరగతులు, తల్లిదండ్రులకు రెండు. ఎనిమిదేళ్లు పైబడినవాళ్లు, చిన్న గుంపు. డాక్టరు అక్కర్లేదు, కొద్ది రోజుల శిక్షణ తీసుకున్న టీచరు చాలు. జరిగినది చెప్పమని బలవంతపెట్టరు. కళ్లు మూసుకుని తనకు హాయిగా ఉండే చోటును తలచుకోవడం నేర్పుతారు. భయపెట్టే దృశ్యాన్ని టీవీలో చూస్తున్నట్టు ఊహించుకుని, దాన్ని దూరం జరపడం, రంగు తీసేయడం, చివరికి కట్టేయడం నేర్పుతారు. ఊపిరి సాధన ఉంటుంది. భయపడి మానేసిన పనికి చిన్నచిన్న మెట్లుగా తిరిగి వెళ్లడం ఉంటుంది. ఐదు పీరియడ్లలో చెప్పదగిన పాఠమని టీచరుగా నాకు నమ్మకం కుదిరింది.

అయితే మందు అందరికీ పడదు. ఇదే పద్ధతిని గాజాలో 482 మంది పిల్లల మీద పరీక్షించారు. మగపిల్లల్లో మేలు కనబడింది. ఆడపిల్లల్లో, ఆ భయంకర క్షణంలో మనసు మొద్దుబారిపోకుండా ఉన్నవాళ్లకే కనబడింది. 2012లో అచ్చయిన ఈ సంగతిని దాచకుండా రాశారు, అందుకు వాళ్లంటే గౌరవం కలిగింది. ఇంకొకటి. టీవీ కట్టేయడం యుద్ధం ఆగిన ఊళ్లో కుదురుతుంది. బయట నిజంగానే బాంబులు పడుతుంటే పిల్లవాడు దేన్ని కట్టేయాలి?

ఇది మనసు సంగతి. సమాజం సంగతి బోస్నియాలో ఇంకా చిక్కుగా ఉంది. 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలైన డేటన్ ఒప్పందంతో తుపాకులు ఆగాయి. బళ్లు మాత్రం విడిపోయాయి. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ "ఒకే కప్పు కింద రెండు బళ్లు" నడుస్తున్నాయి. ఒకే భవనం, బోస్నియాక్ (అక్కడి ముస్లిం) పిల్లలకు ఒక పాఠ్యప్రణాళిక, క్రొయేట్ (అక్కడి క్యాథలిక్) పిల్లలకు మరొకటి. వేళలు వేరు, కొన్నిచోట్ల గుమ్మాలూ వేరు. యాయిత్సే అనే ఊళ్లో ఇలాగే ఇంకో బడి పెట్టబోతే పిల్లలే వీధిలోకొచ్చి వద్దన్నారు, గెలిచారు. 2018లో వాళ్లకు మాక్స్ వాన్ డెర్ స్టూల్ పురస్కారం ఇచ్చారు. హైస్కూలు పిల్లలు! ఇది చదివి మా బడి మధ్యాహ్న భోజనం వరస గుర్తొచ్చి కొంత ఇబ్బంది పడ్డాను. మా ఊరి పిల్లలు ఒక వైపు, గుత్తికోయ పిల్లలు పంపు వైపు. అలా విడిగా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. లేపి కలిపి కూర్చోబెట్టిందీ ఎవరూ లేరు, నాతో సహా. బాలల హక్కుల ఒడంబడికలో 39వ అధికరణం, యుద్ధబాధిత పిల్లలను మనసుపరంగా కోలుకునేలా చేసి తిరిగి సమాజంలో కలపాలంటుంది. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. కలపడమంటే పళ్లెం పక్కన పళ్లెం పెట్టడమని ఆ పంపు దగ్గర మాకు తోచలేదు.

పిల్లలను తీసుకెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. మా మనవడికి పదేళ్లు. మొదటి గదిలో విసుగు, రెండో గదిలో ప్రశ్నలు. వాడికి తెలుగు వినడం బాగా వచ్చు, మాట్లాడడం కొంచెం తడబాటు. ఒక బొమ్మ ముందు నిలబడి, "నానమ్మా, వీళ్లు ఇంట్లో నుంచి వెళ్లేటప్పుడు ఒక్కటే తీసుకెళ్లమన్నారా?" అన్నాడు. అలా కాదు నాన్నా, కొందరు అసలు వెళ్లనే లేదు, ఊళ్లోనే చిక్కుకుపోయారని చెప్పాను. "మీ బళ్లో ఆ అబ్బాయి ఏం తెచ్చుకున్నాడు?" ఆ కథ ఎప్పుడో వాళ్ల నాన్న చెప్పి ఉంటాడు.

సొరబుర్ర తెచ్చుకున్నాడని చెప్పాను. ఎండబెట్టిన సొరకాయను తొలిచి చేస్తారు, అందులో జావ పోసుకుంటే ఎండలో కూడా చల్లగా ఉంటుంది. అడవి దాటిన రాత్రి వాళ్ల అమ్మ భుజాన తగిలించిందట.

"ఇప్పుడు ఎక్కడుంది?"

నేను పారేయించాను. శుభ్రత పాఠం చెప్పిన వారమది. మూతి దగ్గర బూజు పట్టింది, వాసన కొడుతోంది, పురుగులు పడతాయని చెప్పి, నా డబ్బుతో నీలం రంగు ప్లాస్టిక్ సీసా కొనిచ్చాను. వాడు వద్దనలేదు. నాలుగు రోజులు బడికి రాలేదు. జ్వరమేమో అనుకుని హాజరుపట్టీలో ఆ నాలుగు గళ్లలోనూ గైర్హాజరు వేశాను. కెమెరా సంగతి తప్పని శిక్షణలో తెలుసుకున్నాను. సొరబుర్ర సంగతి తప్పని నాకు లోగావినా వీధిలోనే తెలిసింది, అదీ పదేళ్లవాడి ప్రశ్నతో. మనవడు ఇంకేమీ అడగలేదు. పక్క పెట్టె దగ్గరకు వెళ్లి, నేను వచ్చేదాకా నిలబడ్డాడు.

ఇక పనికొచ్చే సంగతులు. పదేళ్లు దాటిన పిల్లలను నిస్సంకోచంగా తీసుకెళ్లండి, అంతకన్నా చిన్నవాళ్లకు చదివి వినిపించే ఓపిక మీకుంటేనే. పొద్దున్నే వెళ్లండి, గదులు చిన్నవి, జనం పెరిగితే చదవడం కష్టం. ఇంగ్లిషు నిదానంగా చదవగలిగితే చాలు. మనుషులు తమ కథలు చెప్పే వీడియోలు దాటేయకండి, మాట ఆగిన చోట్లు కాగితం మీద కనబడవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొండ పైదాకా టాక్సీలో వెళ్లి, దిగేటప్పుడు నడవండి. నేను తిరగేసి చేశాను.

అదే రోజు సొరంగం మ్యూజియం కూడా చూసేద్దామని అనుకోకండి. విమానాశ్రయం కింద 1993లో తవ్విన 800 మీటర్ల సొరంగం అది, వేరే రోజు పెట్టుకోండి. మధ్యాహ్నం ఊరి మధ్య ఉన్న పెద్ద పార్కుకు వెళ్లండి. అక్కడ ముట్టడిలో చనిపోయిన పిల్లల స్మారకం ఉంది. ఫౌంటెన్‌లో ఆకుపచ్చ గాజు శిల్పం, పక్కన పేర్లు చెక్కిన స్తంభాలు. చేత్తో తిప్పితే తిరుగుతాయి. 2012లో, ముట్టడి మొదలై 20 ఏళ్లయిన రోజున, ఊరి ప్రధాన వీధి పొడవునా చనిపోయినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున 11,541 ఎర్ర కుర్చీలు వేశారు. అందులో 643 చిన్నపిల్లల కుర్చీలు. దారిన పోయేవాళ్లు వాటి మీద చాక్లెట్లు, బొమ్మలు పెట్టి వెళ్లారట. ఇంకో స్మారకం కూడా ఉంది, దాన్ని చూసి మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. ముట్టడిలో సహాయంగా వచ్చిన డబ్బా మాంసానికి 2007లో డబ్బా ఆకారంలోనే స్మారకం కట్టి, "అంతర్జాతీయ సమాజానికి, కృతజ్ఞతలతో సారయేవో పౌరులు" అని రాశారు. ఆ మాంసం కుక్కలు కూడా ముట్టేవి కావని ఊళ్లో చెప్పుకుంటారు. రేపర్లు దాచుకున్న ఊరే ఈ డబ్బానూ నిలబెట్టింది, రెండూ చూడాలి.

తిండి విషయం. శాకాహారులు "బురెక్" అని అడగకండి, అక్కడ బురెక్ అంటే మాంసమే, మాటకు ఒప్పుకోరు. పాలకూర వేసినది జెల్యానిత్సా, జున్ను వేసినది సిర్నిత్సా. నూనె ఎక్కువ, కారం సున్నా. నా సంచీలో ఎప్పుడూ ఉండే కందిపొడి ఆదుకుంది. పాత బజారులో రాగి గిన్నెలో ఇచ్చే కాఫీ కింద మడ్డి పేరుకుంటుంది, కలపకుండా నిదానంగా తాగాలి. తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్లు తీసుకున్నాం. కిటికీ పక్క సీటు మనవడికి ఇచ్చాను.